బొగ్గు పోయిన దారిన పుస్తకం ఎందుకు రాలేదు?

(విశ్వవిద్యాలయ గ్రంథాలయాల మీద మందమర్రిలో చేసిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసానికి మామూలుగా ఒక పెద్దమనిషి పేరు ఉంటుంది. ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన నిధికి ఎవరి పేరూ పెట్టలేదు. బాయిల దిగి బొగ్గు తవ్వి, జీతం రోజున వేలిముద్ర వేసి, పిల్లలను మాత్రం పట్టుబట్టి చదివించి వెళ్లిపోయిన తరం జ్ఞాపకంగా దీన్ని నడుపుతామని నిర్వాహకులు చెప్పారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఎట్లా పుట్టింది, ఎట్లా పెరిగింది అన్న అంశం వాళ్లే ఎంచి నాకు ఇచ్చారు. నేను ఆ కొలువులోనే రిటైరైనవాణ్ని కాబట్టి కాదనలేకపోయాను. "మందమర్రిలో విశ్వవిద్యాలయమే లేదు, అక్కడ ఈ ముచ్చటెందుకు?" అని హైదరాబాదు మిత్రుడొకరు అడిగారు. లేదు కాబట్టే ఇక్కడ మాట్లాడాలనిపించింది.

గ్రంథాలయాల చరిత్రలు చాలానే అచ్చయ్యాయి. రజతోత్సవానికొకటి, స్వర్ణోత్సవానికొకటి. అన్నింటి నడకా ఒక్కటే: మొదట ఇన్ని వందల పుస్తకాలు, తర్వాత ఇన్ని వేలు, ఇప్పుడు ఇన్ని లక్షలు, ఫలానా సంవత్సరం శంకుస్థాపన, ఫలానా మంత్రిగారు ప్రారంభం. లోపలికి ఎన్ని పుస్తకాలు వచ్చాయన్నది లెక్క. ఆ గోడలు దాటి పుస్తకం ఎంత దూరం పోయిందన్న లెక్క నేను చూసిన చరిత్రల్లో లేదు. ఆ రెండో లెక్క కట్టడానికి మందమర్రి రైల్వే స్టేషను కన్నా మంచి చోటు నాకు తోచలేదు.

ఎందుకో చెబుతాను. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. సింగరేణి బడి పుస్తకాల్లో అంతవరకు చెబుతారు. ఆ తర్వాత ఆయన ప్రాణహిత–గోదావరి లోయ అంతా తిరిగి, ఏ రాయి కింద ఏ రాయి ఉందో పొర పొరగా రాశాడు. అది 1881లో ఆ శాఖ మెమాయిర్ల 18వ సంపుటంలో అచ్చయింది. మన కాళ్ల కింద ఉన్న నేల పుస్తకంలోకి ఎక్కింది అట్లా. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అయింది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు దారి 1929కి పూర్తయింది. ఆ దారి పొడుగునా బెల్లంపల్లి బాయిలు, తర్వాత కాలంలో మన కళ్యాణిఖని బాయిలు, అవతల రవీంద్రఖని. బెల్లంపల్లి దాటి ఉత్తరానికి పోతే కాగజ్‌నగర్. అక్కడి సిర్పూర్ మిల్లులో 1942 నుంచి కాగితం తయారైంది. మన అడవిలోని వెదురే అప్పట్లో దానికి ముడిసరుకు.

అంటే పుస్తకానికి కావలసిన కాగితం ఈ లైను మీద పోయింది. అచ్చుయంత్రాలకు కరెంటు ఇచ్చే బొగ్గు ఈ లైను మీద పోయింది. బొగ్గు ఎక్కడుందో చెప్పిన పుస్తకం మాత్రం కలకత్తాలో అచ్చయి లండన్ దాకా పోయింది గానీ, ఆ బొగ్గు తవ్వేవాళ్ల ఊరికి రాలేదు. దాన్ని చూడాలంటే హైదరాబాదు పోవలసి వచ్చేది, అక్కడ ఎవరిదైనా సంతకం తీసుకోవలసి వచ్చేది.

ఇక హైదరాబాదు సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన 1918, తరగతులు 1919లో మొదలయ్యాయి. దానికి ముందే, 1917లో, ఇంకొక సంస్థ పుట్టింది. దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ. మొదట దాన్ని నడిపించినవారు మౌల్వీ అబ్దుల్ హక్. ఈ వరసలో గమనించవలసింది ఉంది. మామూలుగా విశ్వవిద్యాలయం పెట్టి, తర్వాత దానికి పుస్తకాలు కొంటారు. ఇక్కడ ముందు పుస్తకాలు తయారు చేసుకోవడం మొదలుపెట్టి, ఆ తర్వాత పాఠం చెప్పారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య అంతా నేర్పాలని దేశంలో మొదట పూనుకున్న విశ్వవిద్యాలయం అది. గణితం, న్యాయం, వైద్యం, ఇంజనీరింగ్ అన్నీ ఉర్దూలో. పరిభాష కోసం పండితులు కూర్చుని ఒక్కొక్క మాటనూ తూచి నిర్ణయించారు. గ్రంథాలయం కొనుగోలు మీద కాకుండా రచన మీద మొదలైన ఇలాంటి ఉదాహరణలు లోకంలోనే అరుదు. ఆ సాహసాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను.

కానీ రాజ్యంలో ఎక్కువమంది మాట తెలుగు, మరాఠీ, కన్నడం. మన ఆదిలాబాదులో అయితే వాటికి తోడు గోండి, కొలామి. ఇక్కడి పిల్లవాడు ఉస్మానియా గ్రంథాలయం గడప తొక్కాలంటే ముందు ఇంకొక భాష గడప దాటాలి. 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచారు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన, జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాల పర్యవేక్షణ. ఆ గులాబీ రాతి భవనం చూడటానికి రెండు కళ్లూ చాలవు. అయితే దానికి సరిగ్గా ఏడాది ముందు, 1938లో, వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. వాళ్లను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. హైదరాబాదు, వరంగల్లు నుంచి నాగపూర్ పోయే రైలు ఈ లైను మీదే పోతుంది. కాలేజీ నుంచి పేరు కొట్టేస్తే గ్రంథాలయం కార్డు కూడా చెల్లదు కదా! పుస్తకాల కోసం మంది మన ఊరి మీదుగా ప్రయాణం చేసిన సందర్భం నాకు తెలిసినంతలో అదొక్కటే. ఆ వెళ్లినవాళ్లలో కరీంనగర్ జిల్లా పిల్లవాడు పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు.

విశ్వవిద్యాలయం రాకముందూ, వచ్చాక అందులో చోటు లేనప్పుడూ తెలుగువాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చాయి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. దాని తొలి పుస్తకం అబ్రహాం లింకన్ చరిత్ర. చెప్పులు లేని పల్లెలకు లింకన్‌ను పంపిస్తే ఏం పని అని అప్పుడు నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. సభ పెట్టాలంటే నిజాం సర్కారు 53వ నంబరు గస్తీ (ఉత్తర్వు) అడ్డం, ముందుగా అనుమతి కావాలి. అందువల్ల పుస్తకం పేరుమీదే నలుగురు ఒకచోట చేరేవారు. ఆ భాషా నిలయాలు తెలంగాణ తెలుగువాళ్లకు విశ్వవిద్యాలయం చేయవలసిన పని చాలావరకు చేసిపెట్టాయి. మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాల చరిత్రలు రాసినవాళ్లు మొదటి అధ్యాయంలో వీటిని చెప్పకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

1948 తర్వాత ఉస్మానియాలో బోధనా భాష ఇంగ్లీషు అయింది. గ్రంథాలయం దృష్టితో చూస్తే ఇది భూకంపం. ముప్పయ్యేళ్లు కష్టపడి తయారు చేసిన పాఠ్యగ్రంథాల సంపద ఒక్కసారిగా చదివే విద్యార్థులు లేనిదైంది. అల్మారాలు నిండుగానే ఉన్నాయి, లెక్క తగ్గలేదు, వార్షిక నివేదికలో సంఖ్య పెరుగుతూనే ఉంది. ఆ వరసల్లోకి వచ్చి నిలబడే మనిషి మాత్రం తగ్గిపోయాడు. ఎన్ని లక్షల పుస్తకాలు అన్న సంఖ్యను నేను నమ్మకపోవడానికి ఇదే మొదటి కారణం.

భాష పేచీ వస్తే గ్రంథాలయానికి ఏమవుతుందో ఇతర దేశాలూ చవిచూశాయి. బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం 1914లో ఒకసారి, 1940లో ఒకసారి యుద్ధంలో కాలిపోయింది. రెండుసార్లూ మళ్లీ కూడగట్టారు. తర్వాత 1968లో డచ్చి మాట్లాడేవాళ్లకు ఒకటి, ఫ్రెంచి మాట్లాడేవాళ్లకు ఒకటి అని విశ్వవిద్యాలయాన్ని విడదీసినప్పుడు పుస్తకాల పంపకం వచ్చింది. చాలా వరకు వరుస నంబరు బేసి అయితే ఒకరికి, సరి అయితే ఇంకొకరికి అని తేల్చారు. ఒకే గ్రంథం సంపుటాలు కూడా ఇద్దరి మధ్య చీలాయని చెబుతారు. అన్నదమ్ముల పంపకంలో ఎద్దుల జతను విడదీసినట్టు! మన రాష్ట్రం 2014లో విడిపోయినప్పుడు విభజన చట్టంలోని పదో షెడ్యూలు సంస్థల గొడవ ఏళ్ల తరబడి నడిచింది గానీ, అదృష్టవశాత్తూ ఎవరూ సరి, బేసి దాకా పోలేదు.

డబ్బు సంగతి కొంచెం చెప్పాలి, విసుగనుకోవద్దు. 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ విశ్వవిద్యాలయానికి గ్రంథాలయమే గుండెకాయ అని భావించి, మొత్తం బడ్జెట్‌లో ఆరుంపావు శాతం దానికి కేటాయించమని, లేదా విద్యార్థికి 40 రూపాయల చొప్పున లెక్క కట్టమని సిఫారసు చేసింది. 1957లో యూజీసీ ఎస్.ఆర్. రంగనాథన్ అధ్యక్షతన గ్రంథాలయ కమిటీ వేసింది. వాళ్లు విద్యార్థికి 15 రూపాయలు, అధ్యాపకుడికి 200 అన్నారు. దశాబ్దం తిరగకుండానే నలభై పదిహేనైంది. ఆశ ఎంత వేగంగా దిగివస్తుందో చూడండి! ఆ పదిహేనైనా నికరంగా ఇచ్చిన విశ్వవిద్యాలయాలు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని నా అనుమానం.

ఆ తర్వాతి దెబ్బ 1991 జులైలో పడింది. రూపాయి విలువ తగ్గించారు. విదేశీ పరిశోధన పత్రికలకు చందా డాలర్లలో, పౌండ్లలో కట్టాలి. కట్టవలసిన డాలర్లు అవే, రూపాయలు ఒక్కసారిగా పెరిగాయి. పైగా ప్రచురణకర్తలు ఏటేటా ధర పెంచుతూనే ఉన్నారు. పుస్తకాలైతే ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కొనవచ్చు. పత్రిక అలా కాదు. మధ్యలో రెండేళ్లు ఆపితే ఆ బైండు సంపుటాల వరుసలో ఎప్పటికీ పూడని ఖాళీ. దేశంలో ఏ పాత విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పోయినా పత్రికల విభాగంలో ఒక వరుస పట్టుకుని నడిస్తే, ఆ సంస్థకు ఏ యేట డబ్బు ఆగిందో ఎవరినీ అడగనక్కరలేకుండా తెలిసిపోతుంది. మేం కొలువులో ఉన్నవాళ్లం దాన్ని చూసే బడ్జెట్ చరిత్ర చదువుకునేవాళ్లం.

మన వైపు వస్తే, కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టు 19న ఏర్పడింది. అంతకుముందు అది వరంగల్లులో ఉస్మానియా పీజీ కేంద్రం. వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్, ఈ నాలుగు జిల్లాలకు అదే విశ్వవిద్యాలయమైంది. గోదావరికి అవతల సాగర్ ఆయకట్టు పొలాల నుంచి ఇవతల ఉట్నూరు అడవుల దాకా ఒకటే. మంచిర్యాల, బెల్లంపల్లి కాలేజీల్లో డిగ్రీ చదివిన పిల్లల సర్టిఫికెట్ల మీద కాకతీయ తోరణం ముద్ర పడింది. ఫీజులో గ్రంథాలయం పద్దు కట్టించుకునేవారు. ఆ పద్దు వాళ్ల కాలేజీ గ్రంథాలయానిది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం వరంగల్లులో, వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. అనుబంధ కాలేజీ విద్యార్థికి పరీక్ష పెట్టే అధికారం విశ్వవిద్యాలయానిది. ఆ పరీక్షకు చదవడానికి కావలసిన పుస్తకం ఇచ్చే బాధ్యత ఎవరిదన్నది ఏ చట్టమూ గట్టిగా చెప్పలేదు. కాకతీయ ఒక్కదాని తప్పు కాదిది. 1857లో బొంబాయి, కలకత్తా, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టింది పరీక్షలు పెట్టడానికే. ఆ పరీక్షల అలవాటు మన దాకా వచ్చింది.

రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 1924లో వచ్చిన గణితం మాస్టారు. 1931లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రాలు లైబ్రరీ సైన్సు విద్యార్థులందరూ బట్టీ పడతారు. పుస్తకం వాడటానికే అన్నది మొదటిది, గ్రంథాలయం ఎదిగే జీవి అన్నది చివరిది. మనవాళ్లు చివరిదాన్ని గట్టిగా పట్టుకుని భవనాలు కట్టారు, మొదటిదాన్ని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు వదిలేశారు. అదే రంగనాథన్ 1931లో మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి గ్రంథాలయం ప్రారంభించారన్నది చాలామందికి తెలియదు. బండి కట్టించింది అక్కడి కనకసభై పిళ్లై. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవలో పోయేవాళ్లు చదువుకునేవారు, రేవుల్లో ఊళ్లకు పుస్తకాలు దింపేవారు. ఉన్న రవాణా మీదే పుస్తకాన్ని ఎక్కించారు. కొత్తగా రోడ్డు వేయమని సర్కారును అడగలేదు.

మన దగ్గర సింగరేణి ప్యాసింజరు నడిచింది. టిఫిన్ డబ్బా, కూరగాయల గంప, పెండ్లి సామాను, పాలక్యాన్లు అన్నీ ఎక్కాయి దాంట్లో. విశ్వవిద్యాలయం పుస్తకాల పెట్టె ఒక్కటి నెలకోసారి ఎక్కించి బెల్లంపల్లిలో దింపుదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాకపోవడానికి కారణం డబ్బు కాదని నా అభిప్రాయం. పుస్తకం పోతే లైబ్రేరియన్ జీతంలోంచి కోసే లెక్క మన వ్యవస్థలో ఉంది, పుస్తకం ఎవరూ చదవకపోతే అడిగే లెక్క లేదు. రిటైరయ్యేనాడు స్టాకు వెరిఫికేషన్‌లో పుస్తకాలు తగ్గితే పింఛను ఫైలు ఆగవచ్చు. యాభై ఏళ్లుగా విప్పని పుస్తకాలు వెయ్యి ఉన్నా ఏ ఫైలూ ఆగదు. ఇలాంటి కొలువులో మనిషి తాళంచెవి మీద ప్రేమ పెంచుకోక ఏం చేస్తాడు?

ఒక్కరు మాత్రం వేరే దారి చూశారు. ఆయన మన కరీంనగర్ జిల్లా మైలారం నుంచి వచ్చినవారే, ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. ఉస్మానియాకు వైస్ చాన్సలరుగా పనిచేసిన మనిషి. క్యాంపస్ లోపల కూర్చుని ఎంతమందికి చదువు చెప్పగలమో ఆయనకు లెక్క తెలుసు. 1982 ఆగస్టు 26న దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. తొలి వైస్ చాన్సలరు రాంరెడ్డిగారే. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టే పనీ ఆయనకే అప్పగించారు, తర్వాత యూజీసీ చైర్మన్ అయ్యారు. సార్వత్రిక విశ్వవిద్యాలయం చేసిన పని చిన్నగా కనిపిస్తుంది: పాఠం తెలుగులో రాయించి, అచ్చువేసి, విద్యార్థి చేతికి ఇచ్చింది. అధ్యయన కేంద్రంలో సెలవు రోజున తరగతులు పెట్టింది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరనిచ్చింది. మస్టరు పడి, షిఫ్టు చేసి, నిద్ర చాలని కళ్లతో ఆ పుస్తకాలు చదివి డిగ్రీ పట్టా తెచ్చుకున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. చేతులెత్తమని అడగను, వాళ్లకు సిగ్గు.

ఆ పాఠ్యపుస్తకాలను మా తోటి పండితులు కొందరు చిన్నచూపు చూశారు. గైడ్లన్నారు. కానీ రాజనీతి, చరిత్ర, అర్థశాస్త్రం తెలుగులో డిగ్రీ స్థాయిలో చదవాలంటే ఇప్పటికీ గ్రూప్స్ పరీక్షల అభ్యర్థులు వెతుక్కునేది వాటినే. దారుల్ తర్జుమా ఉర్దూలో చేసిన పనికి తెలుగులో దగ్గరగా వచ్చింది తెలుగు అకాడమీ, దాని తర్వాత ఈ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ముందు పుస్తకం, తర్వాత తరగతి అన్న ఆ 1917 నాటి వరస ఇక్కడ మళ్లీ కనబడింది.

పరీక్షల అభ్యర్థుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈనాడు ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పొద్దున పోయినా కుర్చీ దొరకదు. ఎవరి సంచిలో వాళ్ల పుస్తకాలు, వాళ్ల నీళ్ల సీసా, వాళ్ల టెస్టు సిరీసు. గ్రంథాలయం పుస్తకం ముట్టుకునేవాళ్లు తక్కువ. పాతతరం లైబ్రేరియన్లు దీన్ని చూసి బాధపడతారు. నాకు బాధ లేదు. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. తండ్రి బాయి పని కొడుక్కు వస్తుందన్న ధీమా పోయింది. రెండు గదుల క్వార్టర్లో టీవీ మోగుతుంటే, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాన్న పగలు పడుకుని ఉంటే, ఆ పిల్ల ఎక్కడ చదవాలి? కుర్చీ, ఫ్యాను, వెలుతురు, నిశ్శబ్దం కూడా గ్రంథాలయం ఇచ్చే వస్తువులే. జిల్లా గ్రంథాలయాల కోసం మనం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల పన్ను కడుతున్నది వాటికి కూడా.

పుస్తకం తిరుగు ప్రయాణం చేసిన సందర్భం ఒకటి మన పాత ఆదిలాబాదు జిల్లాలోనే ఉంది. ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఇదే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు, ఉస్మానియాలో పాఠం చెప్పారు. 1948లో రాజ్‌గోండుల మీద ఆయన ఇంగ్లీషు పుస్తకం లండన్‌లో అచ్చయింది. గోండుల పురాణాలు, పండుగలు, వంశాల కథలు ప్రపంచంలోని పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయాలన్నింటికీ చేరాయి. మార్లవాయి నుంచి సంపద అటుపోయింది. ఆయన గోండి వాచకాలు తయారు చేయించి బడులు పెట్టించారు, ఆ పుణ్యం ఆయనకుంది. కానీ ఆ పెద్ద పుస్తకం చదివి ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పగలిగిన గోండు పెద్దలకు అది అందలేదు.

అరవై ఏళ్లు గడిచాక నార్నూరు మండలం గుంజాల గ్రామంలో గోండుల దగ్గర సొంత లిపిలో రాసిన ప్రతులున్నాయని బయటపడింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు దానిమీద పనిచేశారు. ఈసారి వరస మారింది. ప్రతులు పట్టుకుపోయి అల్మారాలో పెట్టి తాళం వేయలేదు. ఆ లిపి చదవగలిగిన గుంజాల పెద్దలే గురువులయ్యారు. అక్షరాలకు ఫాంటు చేశారు, వాచకం అచ్చువేశారు, ఆ వాచకం తిరిగి గోండు పిల్లల దగ్గరికి వచ్చింది. 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో గుంజాల గోండి చేరింది. లండన్ పుస్తకం కన్నా ఈ వాచకం మందంలో చిన్నది, ప్రయాణంలో పెద్దది.

ఇప్పుడు ఫోను యుగం. దూరం పోయిందంటున్నారు. కొంతవరకు నిజం. యూజీసీ 2009 నిబంధన తర్వాత విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను శోధ్‌గంగలో పెడుతున్నాయి. లక్షల సంఖ్యలో ఉన్నాయి, ఎవరైనా, డబ్బు కట్టకుండా, మందమర్రి బస్టాండులో నిలబడి తెరవవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం అందరికీ ఉచితం. 2024 నవంబరులో కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు ఒప్పుకుంది. ముప్పయి ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు అందులో ఉన్నాయి. 1991 తర్వాత ఖాళీ అయిన అల్మారాల వరుసలు కొన్ని దీంతో తెరమీద నిండాయి. కానీ అందులోనూ గేటు ఉంది. ఆ పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల్లోని విద్యార్థులకు, అధ్యాపకులకు. ప్రైవేటు కాలేజీలో చదివే మీ అమ్మాయికి లేవు, చదువు ఆపేసి బాయిలో చేరిన మీ అబ్బాయికి లేవు. ఇరవై ఏళ్లు గని లోపల పనిచేసిన ఓవర్‌మన్‌కు పైకప్పు కూలడం మీద ఒక పరిశోధన వ్యాసం చదవాలనిపిస్తే, ఏ హక్కుతో అడగాలి? అతని కన్నా ఆ వ్యాసం అవసరమైన పాఠకుడు ఎవరు?

అందుకని రెండు పనులు చెప్పి ముగిస్తాను. రెండూ ఈ ఊరు చేయగలిగినవే.

సింగరేణి మీద తెలుగులో, ఇంగ్లీషులో పీహెచ్‌డీలు చాలా వచ్చాయి. కార్మిక సంఘాల మీద, మహిళల మీద, నిర్వాసితుల మీద, అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథల మీద. ప్రతిదాని వెనకా ఈ బస్తీల్లో ఎవరో ఒకరు ఇచ్చిన ఇంటర్వ్యూ ఉంది. చాయ తాగించి రెండు గంటలు మాట్లాడినవాళ్లకు ఆ గ్రంథంలో తమ మాట ఎట్లా రాశారో తెలియదు. శోధ్‌గంగలో వెతికి మన ప్రాంతం మీద వచ్చిన గ్రంథాల జాబితా చేయండి. డిగ్రీ చదివే పిల్లలు నలుగురు కూర్చుంటే అయ్యే పని. ఆ జాబితా సింగరేణి ఉద్యోగుల సీఈఆర్ క్లబ్బులో గోడకు అంటించండి. ఎవరి మాట తప్పుగా రాశారో వాళ్లు చదివి ఆ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాయాలి. అలాంటి ఉత్తరాలు గ్రంథంతో పాటు భద్రపరచాలని మేం, గ్రంథాలయాలవాళ్లం, కోరతాం.

రెండోది మీ ఇళ్లలోని ట్రంకు పెట్టెల సంగతి. పాత వేతన ఒప్పందాల ప్రతులు, సమ్మె కరపత్రాలు, 1998లో మొదటిసారి జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల పోస్టర్లు, చేతిదీపం చీటీలు, ప్రమాద విచారణ కాగితాలు, నాన్న డైరీ. రిటైరై క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఇవి పాత పేపర్లవాడికి పోతున్నాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయం వీటికి చోటిస్తుంది, ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు మూడు షరతులు రాయించుకోండి. ఏమేం ఇచ్చారో వస్తువారీగా జాబితా, దానిమీద లైబ్రేరియన్ సంతకం. ఆరు నెలల్లో మొత్తం స్కాన్ చేసి ఒక ప్రతి మందమర్రికి పంపాలి. ఆ కాగితాలు చూడటానికి ఇక్కడినుంచి పోయిన ఎవరికైనా ఏ కార్డూ అడగకుండా కూర్చోబెట్టి చూపించాలి. మూడోదానికి ముందు ఒప్పుకోరు. నిబంధనలు అడ్డమంటారు. ఒప్పుకునేదాకా పెట్టె మీ దగ్గరే ఉంచండి, నాఫ్తలీన్ ఉండలు మాత్రం వేసి ఉంచండి.

సెలవు. ప్రశ్నలుంటే అడగండి, రాత్రి బండికి ఇంకా టైముంది.